మైల పట్టని క్యాప్సూల్స్

అది 2024 ఎండాకాలం. నందిగామ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి వైద్యసేవలు చేసే హోమ్‌కేర్ నర్సుని నేను. హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఒక ట్రయల్ కోసం, అంటే కొత్త వైద్యాన్ని కొద్దిమంది రోగుల మీద పరీక్షించి చూడటానికి, మా వైపు పనికి నన్ను కుదుర్చుకున్నారు. మొదటి రోజే అక్కడి కోఆర్డినేటర్ "ఎక్కువ ప్రశ్నలొద్దు సిస్టర్, మీరు డబ్బా మోస్తే చాలు" అన్నాడు. ఆ మాట మీద నేను పెట్టిన ఫిర్యాదుకి ఇవాళ్టికీ జవాబు లేదు. మళ్లీ పెడతాను.

డబ్బాలో ఏముండేదో చెబుతాను. ఇమ్యునోథెరపీ అంటే మన ఒంట్లోని రక్షణ కణాలనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి అసలు పనిచేయదు. పేగుల్లోని బ్యాక్టీరియాకీ ఈ తేడాకీ సంబంధం ఉందని డాక్టర్లు అనుకుంటున్నారు. అందుకే మందు పనిచేసిన మనిషి మలం నుంచి బ్యాక్టీరియాను తీసి, శుద్ధిచేసి, క్యాప్సూల్స్‌లో నింపి గడ్డకట్టించి, మందు పనిచేయని మనిషి చేత, ఆ మందుతో పాటే, మింగిస్తారు. ఇచ్చే మనిషిని డోనర్ అంటారు. ఆయన ఎవరో, అవి ఎవరికి వెళ్తాయో బయటికి చెప్పకూడదు.

నాకూ చెప్పలేదు. కానీ జగ్గయ్యపేటలో ఆ మందుతో కోలుకున్న లారీ డ్రైవర్ మస్తాన్ ఇంటి నుంచి మలం శాంపిల్ తీసుకుని ఆసుపత్రి బండిలో పెట్టేది నేనే. వీరులపాడులో రైతు కోటయ్య గారి చేత క్యాప్సూల్స్ మింగించేదీ నేనే. రెండు డబ్బాల మీదా ఒకే నంబరు. కనపడినదాన్ని చూడకుండా ఉండటం నాకు రాదు. ఇక్కడ పేర్లు మాత్రం మార్చాను.

కోటయ్య గారికి ఊపిరితిత్తుల్లో గడ్డ. ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇస్తే పనిచేయలేదు, ఈ ట్రయల్ తప్ప ఇక దారి లేదన్నారు. నేను తెచ్చేది ఏమిటో తెలిసి, ఆయన కోడలు నన్ను పెరటి గుమ్మం నుంచి రమ్మనేది. కాఫీ గ్లాసు తెచ్చి బట్టలుతికే బండ మీద పెట్టేది. కోటయ్య గారు కూడా మొదటి రోజున "నర్సు చదువు చదివి ఈ పనా అమ్మాయ్" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

కొన్ని వారాలకి ఆయన అన్నం తినడం మొదలుపెట్టారు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, పక్క గదిలో మాటలు వింటున్నట్టు తల వంచి కూర్చునేవారు. "లోపల మనిషి మసులుతున్నాడమ్మా" అన్నారొకసారి. గ్యాస్ అయి ఉంటుందండి అని నవ్వేశాను. ఇంటికి వెళ్తుంటే ఆటోలో ఆ నవ్వు నాకే నచ్చలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున మస్తాన్ భార్య ఖాసింబీ ఫోన్ చేసింది. గరికపాడు చెక్‌పోస్టు దాటాక లారీ ఆపి, ధాబా మంచం మీద నడుం వాల్చాడట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. కోటయ్య గారికి డబ్బా ఇవ్వాల్సిన రోజు అదే.

మూత తీయగానే, క్యాప్సూల్స్ కరగకుండా పెట్టే డ్రై ఐస్ పొగ ఎప్పటిలాగే పైకి లేచి నేలకి జారింది. కోటయ్య గారు ఒక క్యాప్సూల్ అరచేతిలోకి తీసుకున్నారు. నోట్లో వేసుకోలేదు.

"ఇది ఇచ్చినాయన పోయాడు గదూ?"

గ్లవ్స్ తొడుక్కుంటున్న చెయ్యి సగంలో ఆగిపోయింది. ఎవరు చెప్పారండి అన్నాను.

"ఎవరూ చెప్పలా. పొద్దుటి నుంచీ లోపల అలికిడి లేదు."

నా మొహంలోనే ఆయనకి జవాబు దొరికినట్టుంది. క్యాప్సూల్ డబ్బాలో పెట్టేసి, దేవుడి గదిలో దీపం వెలిగించొద్దని భార్యకి చెప్పారు. వేదాద్రి గుడికి ప్రయాణం మానుకోమన్నారు.

"ఆయనవి నా పేగుల్లో ఉన్నాయి. ఇంతకన్నా దగ్గర చుట్టం ఎవరమ్మా నాకు? పదకొండో రోజు దాకా మైల. అప్పటిదాకా ఇవి ముట్టను."

కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. డోసుల వరుస తప్పితే ట్రయల్ నుంచి తీసేస్తామన్నాడు. మైలా గీలా మా రూల్స్‌లో లేవు, ఒప్పించలేకపోతే డబ్బా వెనక్కి తెచ్చేయమన్నాడు. పొగ అప్పటికే పలచబడుతోంది. అది ఆగిపోతే క్యాప్సూల్స్ కరిగిపోతాయి, ఆయనకి మిగిలిన దారీ పోతుంది.

ఆ ఇంట్లో మొదటిసారి, ఎవరూ కూర్చోమనకుండానే, హాల్లో కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"పోయింది ఆయనండి. ఇవి పోలేదు. ప్రాణం ఉన్నవాటికి మైలేంటండి?"

"ఉందా, ప్రాణం?"

"ఉంది. ఇలాగే వదిలేస్తే కాసేపట్లో ఇవీ పోతాయి. అప్పుడు ఆయన రెండోసారి పోయినట్టే."

పొగ నేల మీద పాకుతూ వెళ్లి ఆయన పాదాల దగ్గర ఆగింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"అయితే మైల నాకు. వాటికి కాదు" అని ఒక్కొక్కటే మింగారు. కళ్లు మూసుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. చివరికి భార్య వైపు తిరిగి, "ఆకలేస్తందే. అన్నం పెట్టు" అన్నారు. కోడలు నాకు కాఫీ హాల్లోకి తెచ్చింది. దాంతో పాత లెక్క చెల్లిపోలేదు.

మస్తాన్ పోయిన సంగతి ఆయనకి ఎలా తెలిసిందో నేను విచారించకుండా ఊరుకోలేదు. ఎందుకో చెప్పకుండా ఇంట్లో వాళ్లని అడిగాను, ఊళ్లో అడిగాను. వీరులపాడులో లారీ డ్రైవర్ ఎవరో పోయిన కబురు విన్నవాళ్లే లేరు. ఆయన్నే అడిగితే, చెప్పాను గదమ్మా అన్నారు.

తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ చిన్నదైంది. క్యాప్సూల్స్ వల్లో, మందు వల్లో, ఒక్క మనిషిని చూసి చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆసుపత్రి మీటింగులో ఖాళీ డబ్బాలు సరఫరా చేసిన కంపెనీకి కూడా కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు రాలేదు. దాని మీదా ఫిర్యాదు పెట్టాను.

మస్తాన్ నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయిపోయాక జగ్గయ్యపేట వెళ్లాను. ఖాసింబీ చాప వేసింది. పక్కన ఒక కంచంలో అన్నం వడ్డించి ఉంది, ఎవరూ దాని ముందు కూర్చుని లేరు. ఆయన పోయినప్పటి నుంచీ పూటపూటా ఆయనకి అలాగే పెడుతోందట.

"ఆయన ఇచ్చింది ఎవరికన్నా పనికొచ్చిందా అక్కా?"

ఎవరికన్నది చెప్పకూడదు. ఆ నియమం నేను తప్పలేదు. కానీ డబ్బా మోసే మనిషి చెప్పగలిగింది ఒకటుంటుందని ఈ కేసు నాకు నేర్పింది.

"రోజూ అన్నం తింటున్నాడు ఖాసింబీ" అన్నాను.

ఎవరని ఆమె అడగలేదు. ఆ కంచం తీసుకుని, అందులో అన్నం మళ్లీ గిన్నెలోకి వంపేసింది.