మాట నేర్పిన ఆదివారాలు

హజీరాలోని ఒక కర్మాగారంలో సేఫ్టీ ఇంజనీరుగా చేరిన కొత్తలో, పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులను నిలబెట్టి కాసేపు మాట్లాడటం నా పని. చేతిలో కాగితం, చూపు కాగితం మీద. ఎత్తులో పనిచేసేటప్పుడు బెల్టు కొక్కెం తగిలించుకోవాలని హిందీలో గబగబా చదివేసి తప్పుకునేదాన్ని. అప్పటికే సగం మంది హెల్మెట్లు సర్దుకుంటూ కదిలిపోయేవారు.

మా మేనేజరుది రాజమండ్రి వైపు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "మీకు పని బాగా వచ్చమ్మా. కానీ మీరు మాట్లాడుతున్నది మనుషులతో కాదండి, ఆ కాగితంతో," అన్నారు. ఊళ్ళో ఆల్థాన్ పేటలో తన భార్య అంతకుముందు వెళ్ళిన నటన క్లాసు గురించి చెప్పిందీ ఆయనే. నాకు నాటకాలెందుకని నవ్వేశాను. అయినా ఆదివారం మేముండే గోడాదరాలో బస్సెక్కాను.

మందుల షాపు పైన ఒక ఖాళీ హాలు. నేర్పే ఆవిడ జీవితమంతా గుజరాతీ నాటకాల్లో గడిపిన మనిషి. తెల్లజుట్టు, నూలు చీర, కాళ్ళకు చెప్పులు లేవు. మమ్మల్ని గోడవారగా కూర్చోబెట్టి, మధ్యలో నిలబడి, లేని గ్లాసును అందుకున్నారు. వేడిగా ఉన్నట్టుంది, కొంగుతో పట్టుకున్నారు. ఊదారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. నిజం చెబుతున్నాను, నాకు అల్లం వాసన వచ్చింది. పక్కన కూర్చున్న చీరల వ్యాపారి గుటక వేయడం వినిపించింది.

తర్వాత నన్ను లేపి, ఏమీ చేయకుండా ఊరికే నిలబడమన్నారు. అంత కష్టమైన పని అదివరకు నేనెప్పుడూ చేయలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూపు నేల మీదికి జారింది.

"నేల చూపులొద్దు," అన్నారావిడ హిందీలో, మెల్లగా. "వాళ్ళు నిన్ను చూస్తున్నారు కదా. నువ్వూ వాళ్ళను చూడు."

తలెత్తి చూశాను. తమ వంతు ఎప్పుడొస్తుందోనని వాళ్ళూ నాలాగే భయపడుతున్నారు!

ఆ తర్వాతి ఆదివారం, మా ఇంట్లో రోజూ వినిపించే మాట ఒకటి మా భాషలోనే చెప్పమన్నారు. "బువ్వ తిన్నవా?" అన్నాను. ఎవరితో అనాలో ఆవిడ నా చెవిలో చెబుతారు. నేను ఆ మాటే అనాలి, ఎవరితో అంటున్నానో మిగతావాళ్ళు కనిపెట్టాలి. తెలుగు తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. మొదట, గొడవపడిన పక్కింటామెతో. "దుష్మన్!" అని అందరూ ఒక్కసారే అరిచారు. తర్వాత, జ్వరంతో పడుకున్న బిడ్డతో. చీరల వ్యాపారి గొంతు బాగా తగ్గించి, "బచ్చా బీమార్ హై," అన్నాడు, గట్టిగా అంటే బిడ్డ లేస్తుందేమోనన్నట్టు. బువ్వ అంటే ఏమిటో తెలియని మనిషికి నా కళ్ళముందున్న బిడ్డ కనబడింది.

ఊపిరి సాధన ఇంట్లో చేసేదాన్ని. మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టి చుట్టి ఈమధ్యే మానేసిన మా అమ్మ అది చూసి కంగారుపడింది.

"ఏందే, గిట్ల నేల మీద పండుకొని బుసలు కొడుతున్నవ్? పానం మంచిగ లేదా?"

"ఊపిరి కడుపులకెళ్ళి తీయాల్నంట అమ్మా. మాట దూరం పోతదంట."

"మరి గిన్ని దినాలు ఏడికెళ్ళి తీసినవ్?" అని నవ్వి, తనూ నా పక్కనే వెల్లకిలా పడుకుంది. ఇద్దరం పైకప్పును చూస్తూ "ఆ..." అన్నాం. మగ్గాల మోత మీదుగా మాట్లాడి ఆరితేరిన గొంతు ఆమెది, ఏ ప్రయత్నమూ లేకుండా గదంతా నిండిపోయింది. నేను ఆపేసి వింటూ ఉండిపోయాను.

వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక పొద్దున, కర్మాగారంలో కాగితం బయటికి తీయలేదు. కాసేపు ఊరికే నిలబడ్డాను. ఏమైందా అని తలలు లేచాయి. ముందు వరుసలో కరీంనగర్ నుంచి వచ్చిన నడివయసు వెల్డర్ ఫోన్ చూసుకుంటున్నాడు. అతన్నే చూస్తూ, "ఇవాళ పైన గాలి బాగా ఉంది," అన్నాను. అతను తలెత్తాడు. లేని నిచ్చెన మెట్టు పట్టుకున్నాను. ఎక్కాను. పైకి చేరి కొక్కెం అందుకుని, చిన్న పనే కదా అన్నట్టు వదిలేశాను. అటు తిరిగాను. కాలు జారింది.

"పైలం మేడం!"

ఆ వెల్డర్ రెండు చేతులూ చాచి ముందుకు దూకాడు. అతని ఫోన్ కింద పడింది. నేను చదునైన సిమెంటు నేల మీదే నిలబడి ఉన్నాను. ఎవరూ నవ్వలేదు. అతను తన చేతుల వంక చూసుకున్నాడు, అవి తనవి కావన్నట్టు. తర్వాత మెల్లగా తన బెల్టు కొక్కెం తడిమి, నొక్కి చూసుకున్నాడు. పక్కవాడూ చూసుకున్నాడు. టక్కు టక్కుమని ఆ చప్పుడు చివరి వరుస దాకా పాకింది. చెప్పాలనుకున్న మిగతా మాటలతో పని లేకపోయింది.

ఆదివారం క్లాసులో ఇదంతా ఆవిడకు చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ నా గురించి ఒక్క మాటైనా అడగలేదు.

"అతను చేతులు చాచినప్పుడు ముఖం ఎలా ఉంది? చేసి చూపించు."

చేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. మళ్ళీ చేశాను. చేతులు కుదిరాయి, ముఖం కుదరలేదు. పడిపోతున్న మనిషి కోసం తనను తాను మరిచిపోయిన ఆ ముఖాన్ని నేను ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాను.