ఆమె ఒంటరిగా చేయగలదని చెప్పాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానివల్ల ఎవరూ చనిపోలేదు, నా ఉద్యోగానికీ ఏమీ కాలేదు. అయినా ఆ బరువు దిగడం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

రాష్ట్ర విద్యాశాఖకు సాయం చేసే ఒక సంస్థలో పనిచేసేవాణ్ణి. బడులను బాగుచేయడం మా పని కాదు. ఆ పని శాఖవాళ్లే చేసుకునేలా వాళ్లను తయారుచేయడం మా పని. నాకు అప్పగించింది శారద అనే టీచరును. మౌలాలి బడి నుంచి డిప్యుటేషన్ మీద శాఖ ఆఫీసుకు వచ్చింది. బడికి వెళ్లి, తరగతిలో వెనక కూర్చుని అక్కడి టీచరు చెప్పే పాఠం చూడాలి. తర్వాత ఆ టీచరుతో మాట్లాడి, తప్పులెంచకుండా, ఏం మార్చుకోవాలో ఆయన నోటితోనే చెప్పించాలి. ఇది ఆమె నేర్చుకుని జిల్లాలవాళ్లకు నేర్పాలి.

ఇద్దరం కలిసి కొన్ని బడులు తిరిగాక, చివరి బడిలో అంతా ఆమే నడిపించాలి, నేను నోరు మెదపకూడదు. ఆ చివరి బడి నేరేడ్‌మెట్‌లో. పాఠం అయ్యాక అక్కడి టీచరును అడిగింది, వెనక బెంచీల పిల్లలకు పాఠం అందిందంటారా అని. ఆయన మాట్లాడలేదు. ఆమె ఆగింది. అలా ఆగడం సరైన పనే, నేనే చెప్పాను. కానీ ఆ మౌనం నేను భరించలేకపోయాను. మాట అందుకుని మొత్తం నేనే మాట్లాడేశాను. నిజానికి ముందు వెళ్లిన బడుల్లోనూ జరిగింది ఇదే. నేర్పడం కన్నా చేసి చూపించడం నాకిష్టం, మెప్పంతా దానికే వస్తుంది కదా. తిరిగి వస్తున్నప్పుడు, ఇంకొక్క బడి తనకు వదిలేయమని అడిగింది. చూద్దామన్నాను.

చూడలేదు. నాకు వేరే రాష్ట్రంలో ఇంకా పెద్ద పని సిద్ధంగా ఉంది. ముగింపు సమావేశంలో, ఆమె ఒంటరిగా చేసింది, ఇకముందూ చేయగలదు అని చెప్పాను.

కొన్ని నెలలకు జిల్లా అధికారుల ముందు ఆమె తడబడిందట. శాఖలో ఆమె పైఅధికారి నాకు ఫోన్ చేసి, సరిగ్గా నేర్పారా అని అడిగాడు. నేర్పానన్నాను. ఆమెను తిరిగి పాత బడికి పంపేశారు. అలా ఎందుకు చెప్పాను? భయమా? భయపడేంత ఏముంది? నేర్పలేదంటే నా పని పూర్తికాలేదని తేలుతుంది, అంతే.

ఈమధ్య తిరిగి ఇక్కడికి వచ్చినప్పుడు, ఏ.ఎస్. రావు నగర్‌లో మందుల షాపు దగ్గర కనిపించింది.

“శాఖలో ఆ పని మళ్లీ మొదలుపెడుతున్నారట. మిమ్మల్ని పిలిచారా మేడం?”

“పిలిచిన్రు సార్. రానన్న. మీరు మంచిగనే నేర్పిన్రు, నాకే రాలే. మళ్ల అందరి ముందట పరేషాన్ ఎందుకు?”

“అలా అనకండి,” అన్నాను. ఆమె దాన్ని మర్యాద అనుకుంది. నవ్వి, వెళ్లిపోయింది.

ఆమెకు రాకపోవడం కాదు. నేను నేర్పలేదు. ఇది రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. తేలికపడింది నేనే. ఆమె మాత్రం ఇంకా తనకే రాలేదనుకుంటోంది.