గ్లాసు అంచున ఉప్పు

ఈ రోజు మా అత్తమ్మ, మామయ్యల పెళ్లిరోజు. పాతకాలం పార్టీలా చేద్దామని పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉన్నాను. పుల్లలకు గుచ్చిన పైనాపిల్, చీజ్ ముక్కలు, ఎర్రటి జెల్లీ, పెద్దవాళ్లకు మందు లేని కాక్‌టెయిల్. రాజపాళయమంతా తిరిగినా దొరకని, గ్లాసుల్లో గుచ్చే చిన్న కాగితపు గొడుగులు కూడా నేనే చేశాను. అన్నిటికంటే కష్టపడింది మాత్రం ప్రతి గ్లాసు అంచుకూ ఉప్పూ కారం అద్దడానికి. నాలుకకు ముందు ఉప్పు తగలాలి, వెంటనే నిమ్మ పులుపు. మజా అంతా అక్కడే ఉంది.

సేత్తూరు నుంచి వచ్చిన చుట్టాలందరూ తాగి, బాగుందన్నారు. గ్లాసులు ఖాళీగా తిరిగొచ్చాయి. అంచున ఉప్పు మాత్రం అలాగే ఉంది! మా వాళ్లు ఏదైనా పైకెత్తి గొంతులో పోసుకుంటారు, పెదవి తగలనివ్వరు. ఆ మాట నాకు తట్టనే లేదు.

మా ఆయన వాళ్ల అవ్వ మాత్రం ఇంకా తాగకుండా గ్లాసును తిప్పితిప్పి చూసింది.

"ఏమ్మా, దీనికి ఉప్పెందుకు పూసినావు?"

"అంచుకు నోరు పెట్టి తాగాల అవ్వా."

"అయ్యో, ఎంగిలి గదా! సరి, ఉప్పు వేస్టు చేసేదెందుకు?"

ఉప్పంతా వేలితో అరచేతిలోకి గీకి నాకింది. గ్లాసెత్తి గటగటా పోసుకుంది. చివర్లో గ్లాసులోని నిమ్మచెక్క కొరికి కళ్లు మూసుకుంది.

బెంగళూరులో నేర్చుకున్నానని మా ఆయన గొప్పలు పోయే టెకీలా అనే మందు తాగే పద్ధతి అచ్చం ఇదే.

ఎత్తి తాగే ఇళ్లవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అంచుకు ఉప్పు పూయకండి. పక్కన పెట్టండి చాలు, మిగతాది మీ అవ్వ చూసుకుంటుంది.