లూప్ లైనులో ఆగిన గణపతి

ఎనభైల మొదట్లో నన్ను గిద్దలూరుకు ఇవతల ఒక చిన్న స్టేషన్‌కు అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా వేశారు. అప్పట్లో గుంటూరు–నంద్యాల లైను మీటర్ గేజి. ఉన్నది ఒకే లైను. ఎదురెదురుగా బళ్లు వస్తే ఒకదాన్ని పక్కనున్న లూప్ లైనులో నిలబెట్టి రెండోదాన్ని పంపేవాళ్లం. ముందు స్టేషన్ వాళ్లు లైన్ క్లియర్ ఇస్తేనే మా మిషన్‌లోంచి టోకెన్ అనే ఇనుప గుండు బయటికి వస్తుంది. అది చేతికి అందనిదే డ్రైవరు బండి కదిలించడు. టోకెన్ ఇవ్వడం, ఇవ్వకపోవడం స్టేషన్ మాస్టర్ ఇష్టమని చాలామంది అనుకుంటారు. కాదు. కారణం లేకుండా బండి ఆపితే కంట్రోల్ ఆఫీసుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఎండాకాలం ఒక ఉదయం మార్కాపురం వైపు నుంచి గూడ్సు వచ్చి లూప్‌లో ఆగింది. ఎదురుగా ప్యాసింజర్ రావాలి. అప్పుడే బస్సు దిగి ఇద్దరు మనుషులు నా గదిలోకి వచ్చారు. ఒకాయన యర్రగొండపాలెం వైపు ఒక పల్లెలో కిరాణా దుకాణం నడిపే సుబ్బయ్య శెట్టి. రెండో అతను అదే ఊరి దేవదానం, మార్కాపురం గూడ్సు షెడ్డులో హమాలీ.

"అయ్యా, మా ఊరి గణపతి మీ బండిలో పోతున్నాడు" అన్నాడు శెట్టి.

వాళ్ల ఊరి పక్క కొండ కింద పాడుబడ్డ శివాలయం ఉంది. అందులో మోకాలెత్తు నల్లరాతి నాట్య గణపతి. కొన్నాళ్ల కింద ఎవరో దాన్ని పెకలించుకుపోయారు. ముందురోజు దేవదానం పలకల పెట్టెలు వ్యాగన్‌కెత్తుతుంటే ఒక పెట్టె మీద అనుమానం వచ్చిందట.

"పలకల పెట్టె ఎత్తితే లోపల గలగలమంటది సార్. ఇది కిమ్మనలేదు. చెక్కల సందులో వేలు పెట్టి చూసినా. తొండం తగిలింది."

అక్కడ సరుకెత్తించే కాంట్రాక్టరు మనుషులు నిలబడి ఉండటంతో నోరు విప్పలేదు. రాత్రి ఊరికి వచ్చి శెట్టికి చెప్పాడు. తెల్లారగానే ఇద్దరూ బస్సెక్కి గూడ్సు కంటే ముందుకు వచ్చారు. శెట్టి తమ్ముడు పోలీసుల కోసం గిద్దలూరు పోయాడు.

నేను కంట్రోల్‌కు ఫోన్ చేశాను. పోలీసుల కాగితం లేకుండా వ్యాగన్ ఆపొద్దు, ప్యాసింజర్ దాటగానే గూడ్సు వదలమన్నారు. వాళ్లు చెప్పింది రూలే. అదే మాట శెట్టికి చెప్పాను.

"పోలీసులు వచ్చేసరికి బండి నంద్యాల దాటిపోతది గదయ్యా" అన్నాడాయన.

గూడ్సు డ్రైవరు ఖాసిం ఇంజను దిగి వచ్చి ఇదంతా విన్నాడు. అంతకుముందు ఏడాది మేమిద్దరం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా చూశాం. శత్రువులు దోచిన చిత్రపటాలతో పోయే రైలును అక్కడి రైల్వే వాళ్లు దేశం దాటనియ్యకుండా ప్రాణాలకు తెగించి ఆపుతారు. ఖాసింకు అది గుర్తొచ్చింది.

"ఇంజను ఫెయిలయిందంటా మాస్టారూ. ఎవురికి తెలుస్తది?"

వెనకాల ఆ గూడ్సు గార్డు రామలింగం గారు నిలబడి ఉన్నారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. "నాకు తెలుస్తుంది" అన్నారు. ఖాసిం తిరిగి ఇంజను దగ్గరికి నడిచాడు.

మేము నిజంగా చేయగలిగింది ఒకటుంది. లోడు సరిగా లేని వ్యాగన్‌ను బండి నుంచి విడదీసి ఉంచవచ్చు. అది టాపు లేని వ్యాగన్. పెట్టెల మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించారు. గార్డు గారూ నేనూ వెళ్లి ప్రతి ముడీ లాగి చూశాం. ఒక్కటీ వదులు లేదు. వెంట వచ్చిన శెట్టికి, దేవదానానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాళ్లు ఊడి ఉంటే ఈ వ్యాగన్‌ను కదలనిచ్చేవాణ్ణి కాదు, బిగువుగా ఉన్నాయి కాబట్టి పంపక తప్పదు అని. ఉపాయం చెప్పాలని అన్న మాట కాదది. మా చేతిలో ఏముందో, ఏం లేదో చెప్పాను, అంతే.

ప్యాసింజర్ వచ్చి వెళ్లిపోయింది. లైన్ క్లియర్ అందింది. టోకెన్ తీసుకుని ఇంజను వైపు నడుస్తుంటే వెనక నుంచి రామలింగం గారి కేక వినిపించింది. తిరిగి చూస్తే దేవదానం వ్యాగన్ మీదున్నాడు. మూల తాడు విప్పేశాడు, రెండోది విప్పుతున్నాడు. టార్పాలిన్ ఒక పక్కకు జారిపోయింది.

"దిగరా!" అని అరిచారు గార్డు గారు.

"దిగుతా సార్. నేను కట్టిన తాళ్లే, నేనే విప్పినా. నా పేరు రాసుకోండి."

దిగి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. పారిపోలేదు. రామలింగం గారు వ్యాగన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఈ లోడుతో నేను బండి తీసుకుపోను మాస్టారూ" అన్నారు. నేను టోకెన్‌ను మిషన్‌లో తిరిగి వేశాను. కంట్రోల్‌కు జరిగింది చెప్పి, ఆ వ్యాగన్‌ను విడదీసి, బళ్లు నడవని పక్క లైను సైడింగ్‌లో పెట్టించాను. షంటింగ్ అంతసేపూ ఖాసిం అనవసరంగా విజిల్ వేస్తూనే ఉన్నాడు. మిగతా బండి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి పోలీసులు కాగితంతో వచ్చారు. పెట్టె మూత లేపితే వరిగడ్డి మధ్య గణపతి పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి విరిగి ఉంది. శెట్టి ముట్టుకోబోయి, పోలీసుల వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దేవదానం దగ్గరికి రాలేదు. వాళ్లది చర్చి కుటుంబం. ఇంత ఎందుకు చేశావని అడిగాను.

"చిన్నప్పుడు మేకలు తోలుకపోయి ఆ గుడికాడనే కూచునేటోణ్ణి సార్. ఎవురో తీసకపోతుంటే ఎట్ల ఊరుకునేది?"

సాయంత్రం రిపోర్టు రాయబోతుంటే శెట్టి నా బల్ల దగ్గరికి వచ్చాడు. తాళ్లు వాటంతటవే ఊడినాయని రాయమని బతిమాలాడు. అట్లా రాస్తే, తాళ్లు చూసి బాగున్నాయన్న గార్డు అబద్ధమాడినట్టవుతుంది. రాయలేనన్నాను. దేవదానమే ఆయన్ను వారించాడు. "ఉన్నదే రాయనీ శెట్టీ. విప్పింది నేనే గదా."

వ్యాగన్ మీద చెయ్యి వేసినందుకు దేవదానం మీద కేసయింది. కోర్టులో నేనే సాక్షిని. జుల్మానాతో వదిలేశారు. కాంట్రాక్టరు మాత్రం అతన్ని మళ్లీ షెడ్డులోకి రానివ్వలేదు. తర్వాత పలకల గనిలో పనికి పోయాడని విన్నాను. పెట్టె పంపించినవాళ్లలో ఇద్దరికి శిక్ష పడింది. గణపతి చాలా ఏళ్లు కోర్టు సామాన్ల గదిలో ఉండి, ఆ తర్వాత మ్యూజియానికి పోయాడు. ఊరికి తిరిగి రాలేదు.

తరువాతి కాలంలో కొత్తగా చేరినవాళ్లకు నేను పని నేర్పించేటప్పుడు ఈ సంగతి చెప్పేవాణ్ణి. మన దగ్గరికి వచ్చినవాడికి పని చేసిపెట్టలేకపోతే, ఎందుకు చేయలేమో పూర్తిగా, సమయం ఉండగానే చెప్పాలి. ఆపైన ఏం చేయాలో అతను నిర్ణయించుకుంటాడు. దాని నష్టం అతని మీద పడుతుంది, మన మీద కాదు. ఆ రోజు జరిగినదానికి సంజాయిషీ అడుగుతూ రైల్వే నుంచి నాకు గానీ, రామలింగం గారికి గానీ ఒక్క మెమో కూడా రాలేదు.