అక్క నమలగలిగే ముక్క

పోచయ్య పుట్టింది చందానగర్ పాత ఊళ్లో. ఆయన ఊరు వదల్లేదు గాని, ఊరే చూస్తుండగా అపార్ట్‌మెంట్ల మధ్య ఒదిగిపోయింది. మీసం రాకముందు మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టాడు. గుట్టలు పోయి అద్దాల ఆఫీసులు లేస్తుంటే సెంట్రింగ్ పనిలో చేరి స్లాబులు పోశాడు. ఇప్పుడు ఆయన కూతురు ప్రియదర్శిని అలాంటి ఒక అద్దాల మేడలోనే ఉద్యోగం చేస్తుంది. ఆ మేడ కట్టింది వేరే మేస్త్రీ అని తెలిసినా, అటు పోయినప్పుడల్లా తలెత్తి స్లాబు అంచుల్లో తప్పులు వెతకడం పోచయ్యకు సరదా.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ రోజు పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి విస్తరాకులో పెట్టడం ఆ ఇంటి ఆచారం. పోచయ్య తండ్రికి ఇష్టమైంది పొగబెట్టిన పెద్దకూర. గొడ్డుమాంసానికి ఆ వాడల్లో ఉన్న పేరు అది. అందులోనూ తొడ వెనకాల కండ, కొవ్వు నలుసు కూడా లేనిది. మాంసానికి పొగపెట్టని జాతి లోకంలో దాదాపు లేదు. మంచు దేశాల వాళ్లు చలికాలం గడవడానికి పెట్టారు, అడవుల్లో వాళ్లు ఈగలు ముసరకుండా పెట్టారు. అవసరం తీరిపోయాక కూడా ఎవరూ పొగ మానలేదు. రుచి మరిగాక కారణాలు ఎవరిక్కావాలి?

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పెద్దలకు పెట్టాక, బతికున్న వాళ్లలో పెద్ద ఎవరో వాళ్లు మొదటి ముక్క తినాలి. వాళ్లు నమిలి మింగేదాకా ఇంకెవరూ చెయ్యి పెట్టరు. ఒక ఏడు పెద్దలకు పెట్టడం మానేసిన వంటను మళ్లీ ఎప్పటికీ పెట్టరు. ఇప్పుడు ఆ పెద్ద పోచయ్య అక్క బుచ్చమ్మ. మియాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆమే.

పోయిన పెత్రమాసకు బుచ్చమ్మ కొత్తగా కట్టుడు పళ్లు పెట్టుకుని వచ్చింది. మొదటి ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు తిప్పింది. మళ్లీ ఇటు తిప్పింది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముక్కను అందులోకి జార్చింది. అందరూ చూశారు, ఎవరూ చూడనట్టే కూర్చున్నారు.

"ఇగ సాలు తమ్మీ," అంది. "వచ్చే ఏడు కోడి కోయి. గీ కూర నాయిన ఎంబడే పోనియ్యి."

తండ్రి ఫొటో కూడా లేని ఇల్లు అది. ఆయనవంటూ మిగిలినవి ఈ పొగ వాసన, ఈ ఒక్క వంట.

"ఇంకొక్క ఏడు సూడు అక్కా."

"ఒక్కటే. మల్ల పంచాది పెట్టద్దు."

ముక్క కట్టెలా ఎందుకవుతుందో పోచయ్యకు చాలాకాలం అంతుపట్టలేదు. మంట ఎక్కువ పెట్టేవాడు కాదు. నూనె డ్రమ్ము నిలువునా కోసి చేసుకున్న పొయ్యి, తుమ్మ బొగ్గులు, పైన చింతకట్టె పొగ, అన్నీ పద్ధతిగానే ఉండేవి. తప్పు ఆయన చెవిలో ఉంది. చిన్నప్పుడు తల్లి తునకలు చేసేది. మాంసాన్ని పీచు వెంట పొడుగ్గా చీల్చి దండేనికి ఆరేసేది, ముసురు పడితే పొయ్యి మీద కట్టేది. తడి ఉన్నంతసేపు మాంసం సుయ్‌మని మాట్లాడుతుందని, మాట ఆగితే అయినట్టని చెప్పేది. నెలల తరబడి దాచుకునే తునకలకు అది సరైన లెక్కే. పోచయ్య మాత్రం పూటలో తినాల్సిన కండ దగ్గర కూడా అదే మాట కోసం చెవి పెట్టుకుని కూర్చునేవాడు. మాట ఆగేసరికి లోపల తినడానికి ఏమీ మిగిలేది కాదు.

ఈసారి ప్రియదర్శిని సూదిలా ఉండే థర్మామీటరు ఒకటి కొనుక్కొచ్చింది. పెత్రమాస పొద్దున తండ్రి పక్కనే పీట వేసుకుంది. కటిక షాపులో అడిగి తెచ్చిన కొవ్వు పొరను కండ మీద కప్పించింది. డ్రమ్ములో బొగ్గుల పక్కన నీళ్ల గిన్నె పెట్టించింది. అందాకా అన్నీ సవ్యంగానే సాగాయి. సూది గుచ్చి చూసి, "అయింది డాడీ, తీసెయ్" అనేసరికి పేచీ మొదలైంది.

"ఏం తీసుడు? ఇంకా మాట్లాడుతుంది బిడ్డా, ఇను."

"మాట్లాడనియ్యి. దాని మాట బందయితే అత్త పళ్లు బందయితయ్."

"పచ్చిగుంటే నలుగుట్ల ఇజ్జత్ పోతది."

"పచ్చి లేదు. సూది చూడు."

"సూది మాంసం తింటదా?"

పోచయ్య భార్య పుణ్యవతి వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. "తండ్రిబిడ్డలు కలిసి ఆ కండకు పానం పోస్తున్నరా, తీస్తున్నరా? వదిన ఆటో దిగుతుంది అవతల."

ప్రియదర్శిని గొంతు తగ్గించింది. చిన్నప్పుడు సెలవులకు సైటు మీదే పెరిగిన పిల్ల. "డాడీ, స్లాబు పోసినంక ఎండకు వదిలేస్తవా?"

"ఎట్ల వదుల్తం? పగుల్తది."

"మరేం చేస్తవ్?"

"గోనెసంచులు తడిపి కప్పుతం. నీళ్లు పడుతం. లోపలి తడి లోపల్నే ఉండాలె..."

అక్కడితో ఆగిపోయి డ్రమ్ము వైపు చూశాడు. కండ ఇంకా సుయ్‌మంటూనే ఉంది. ఆ చప్పుడు ఉండగా మాంసం దించడం ఆయన ఎన్నడూ చేయని పని. తల్లి మాట కాదన్నట్టే అనిపించింది. అయినా తడిగుడ్డ చేతికి చుట్టుకుని దించాడు. మోదుగాకుల్లో పొట్లం కట్టి, పైన పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టాడు. వెంటనే కోయబోతే కూతురు కత్తి లాక్కుంది. ఇప్పుడే కోస్తే రసమంతా పీటపాలవుతుందట. అక్క వెంట వచ్చిన ఆమె మనవలు వాసనకు చుట్టూ తిరుగుతుంటే, ఆయన తువ్వాలుకు కాపలా కూర్చున్నాడు. తరవాత తునకలకు చీల్చినట్టు పీచు వెంట కాకుండా, పీచుకు అడ్డంగా, పల్చగా కోశాడు. చూరు నీడలో కూడా ముక్క మెరిసింది.

పెద్దలకు పెట్టడం అయింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. బుచ్చమ్మ ముక్క నోట్లో వేసుకుంది. కట్టుడు పళ్లు టకటకమన్నాయి. పోచయ్య ఆమె చేతిని చూస్తున్నాడు, కొంగు కోసం వెళ్తుందేమోనని. చేయి కదల్లేదు. గొంతు కదిలింది.

"నాయినకు గిట్ల నచ్చదు," అందామె.

పోచయ్య చూపు మళ్లీ ఆమె కొంగు మీదికి పోయింది.

"నాయినకు కట్టె లెక్క ఉండాలె. నములుకుంట నములుకుంట పొద్దు వంగాలె." అంటూనే, ఎవరూ వడ్డించకముందే, రెండో ముక్క తీసుకుంది.

పుణ్యవతి ఆగలేకపోయింది. "మరి వచ్చే ఏడు కోడేనా వదినా?"

"కోడెందుకే? పళ్లు లేనోళ్లు తింటరు కోడి. నా కొడుకు గిన్ని పైసలు పెట్టి పళ్లెందుకు కట్టిచ్చిండు?" నమలడం ఆపి, తండ్రి ఆకు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆయన ఆకుల మెత్తది పెట్టినవేంది తమ్మీ? తిట్టుకుంటడు. కొసకు నల్లగ మాడిన ముక్క ఉంటది గద, గది ఆయనకు పెట్టు. ఆ మెత్తది జర ఇటెయ్యి."

పోచయ్య లేచి, పీట మీద మిగిలిన మాడిన కొసను తెచ్చి తండ్రి ఆకులో పెట్టాడు. మెత్తటి ముక్కను అక్క ఆకులోకి మార్చాడు. అప్పుడు గాని మిగతా చేతులు విస్తళ్లలోకి వెళ్లలేదు.