జాకీతో పాటు వచ్చే మాస్టారు

“…కారు లేని కొంపలో జాకీ ఎందుకండీ అంటే, కొనబోయే కారుకన్నారు. సరే అన్నాను. ఇప్పుడు ఈ స్టాండ్లు ఇంకో జత ఎందుకు?”

“పాతవి చిన్న కార్లకి. ఇవి పెద్ద కార్లకి.”

“మనకి చిన్నదీ లేదు, పెద్దదీ లేదు.”

“ఏది కొంటామో తెలీదు కదా. అందుకే రెండు సైజులూ తెచ్చాను.”

ఎదురింటి ప్రహరీ మీదుగా ఇలాంటి మాటలు మా వంటింట్లోకి తరచు వస్తుంటాయి. వట్లూరులో మా ఎదురింటి దేవదానం మాస్టారికి కారు లేదు. కారును ఎత్తి నిలబెట్టడానికి కావలసిన సరంజామా మాత్రం సమస్తమూ ఉంది. అందులో ఏ ఒక్కదాన్నీ ఆయన ఒంటరిగా బయటికి పంపరు. జాకీ అడిగితే జాకీతో పాటు రెండు ఇనప స్టాండ్లు వస్తాయి, వాటితో చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు వస్తాయి, వాటి వెనక మాస్టారు వస్తారు, మాస్టారి మెడలో ఈల వస్తుంది. విడిగా ఏదీ దొరకదు.

ఈల పాత అలవాటు. భీమడోలు వైపు ఓ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అప్పుడే ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మా కాలనీ అంతా ఒకప్పటి వరిచేలు. మెరక తోలి ప్లాట్లు వేశారు. తాను మట్టినో బురదనో ఆ మెరక ఇప్పటికీ తేల్చుకోలేదు. వానాకాలం వస్తే ఎదురెదురు గేటు స్తంభాలు ఒకదాన్నొకటి పలకరించడానికి ముందుకు వంగుతాయి. అందుకని మాస్టారు ఇంటికన్నా ముందు షెడ్డు కట్టించి, కింద మందంగా కాంక్రీటు పోయించారు. మట్టం చూడటానికి బిందెడు నీళ్ళు కుమ్మరించారు. ఎటు పోవాలో తెలియక నీళ్ళు ఉన్నచోటే నిలబడ్డాయి. ఆయన సంతోషించారు. అదే మేస్త్రీ, అదే మట్టంతో వంటిల్లు కూడా వేశాడు. అక్కడ నిలబడ్డ నీళ్ళు చూసి ఆయన భార్య హన్నమ్మగారు సంతోషించలేదు.

మా వీధిలో సొంత కార్లు కిరాయికి తిప్పుకునేవాళ్ళు ఎక్కువ. చిన్న రిపేర్లు వాళ్ళే చేసుకుంటారు, మాస్టారి షెడ్డులోనే చేసుకుంటారు. చేసుకునే ముందు డ్రిల్లు ఉంటుంది.

“హ్యాండ్ బ్రేకు?”

“వేశానండీ.”

“గేరు?”

“వేశానండీ.”

“చెక్కలు?”

“మీరే పెట్టారు కదండీ.”

“నేను పెట్టింది నువ్వు చూశావా అని.”

కారు లేచాక స్టాండ్లు లోపలికి వెళ్ళాలి. జాకీ కొద్దిగా దించి, బరువు స్టాండ్ల మీదకు రానివ్వాలి. “ఎత్తేది జాకీ. మోసేది స్టాండు. జాకీని నమ్మి కిందకెళ్ళకూడదు,” అంటారు ఆయన, అవతలి వాడు పాతికేళ్ళుగా డ్రైవరైనా సరే. తర్వాత చొక్కా చేతులు మడిచి, కారుకు భుజం ఆనించి బలంగా ఊపుతారు. కారు కదలకపోతే ఈల వేస్తారు. ఈల వినపడందే ఎవరూ కిందకు దూరడానికి వీల్లేదు.

ఈ ఊపడం కార్లతో ఆగితే బాగుండేది. ఆయన కూర్చోబోయే కుర్చీని ఊపుతారు. క్రిస్మస్‌కు స్టారు కట్టే నిచ్చెనను, పైన మనిషి ఉండగానే ఊపుతారు. తాడేపల్లిగూడెంలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, అక్షింతలకు బదులు ముందు స్టేజిని ఊపారు. ఆ పెళ్ళి ఆల్బంలో పెళ్ళికొడుక్కి నాలుగు చెవులుంటాయి.

బ్యాంకు పాండురంగారావు గారి సంగతి చెప్పాలి. మేనల్లుడి పెళ్ళికి పట్టుపంచె కట్టి, కుటుంబాన్ని కార్లో ఎక్కించాక చూసుకుంటే టైరు నేలకు అంటుకుపోయి ఉంది. తన జాకీ కనపడలేదు. మాస్టారి దగ్గరకు పరిగెత్తారు. మాస్టారు పూర్తి పరివారంతో వచ్చారు.

“స్టాండ్లు వద్దండీ మాస్టారూ. టైరే కదా మార్చేది, కిందకెవరు వెళ్తారు?”

“నట్టు దొర్లితే మీరు వెళ్తారు.”

“నట్టెందుకు దొర్లుద్దండీ?”

“ముహూర్తం దగ్గరపడింది కదా. దొర్లుద్ది.”

మాస్టారు అందర్నీ కారు దింపారు, నగలతో సహా. స్టాండు పెట్టారు. ఊపారు. ఈల వేశారు. టైరు విప్పుతుండగా నట్టు పాండురంగారావు గారి వేళ్ళ మధ్యనుంచి జారి, తిన్నగా కారు నడుము కిందకు పోయింది. ఆయన పట్టుపంచెతో బోర్లా పడుకుని దాన్ని తీసుకుంటుంటే మాస్టారు పక్కన గొంతుక్కూర్చుని, “తొందర లేదండీ, నెమ్మదిగా రండి,” అన్నారు. పెళ్ళిలో పంచె మీది గ్రీజు గురించి అడిగిన వాళ్ళందరికీ పాండురంగారావు గారు మాస్టారి పేరే చెప్పారు.

ఇంతకీ కారు కొనాలన్నది హన్నమ్మగారి కోరిక. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అక్కగారు నల్లజర్లలో ఉన్నారు. బస్సు మెట్టు ఆమెకు ఏటేటా ఎత్తవుతోంది, స్కూటరు మీద అంత దూరం నడుం ఒప్పుకోదు. ఇద్దరూ కలిసి ఏలూరులో షోరూములు తిరిగారు. మొదటి కారు రంగు బాగోలేదన్నారు మాస్టారు. రంగు మార్చి చూపిస్తే డిక్కీ చిన్నదన్నారు. డిక్కీ పెద్దది చూపిస్తే కాసేపు చుట్టూ తిరిగి, ఊపి, “నాలుగు టైర్లూ ఒకేలా ఉన్నాయి,” అన్నారు.

“ఒకేలా ఉండకపోతే ఎలా ఉంటాయండీ?” అన్నారు హన్నమ్మగారు.

“అదే, ఆలోచించాలి.”

ఆ రోజు ఆటోలో తిరిగొచ్చాక హన్నమ్మగారు గేటు దగ్గరే నిలబడి, వీధిలో ఎవరు కనపడితే వాళ్ళకి చెప్పారు. “ఈసారి ఆయన మాట విననండీ. ఈ ఏడు మా షెడ్డులో కారుండాల్సిందే.”

ఇది జరిగిన కొన్నాళ్ళకే, ఓ ఆదివారం ఉదయం, మా పక్కింటి ఉదయ్ కిరణ్ తన కారును సొంత జాకీతో ఇంటి ముందు మెరక మీదే పైకి లేపాడు. కారు కింద రేకు వదులై రోడ్డుకు రాసుకుంటోంది, మర్నాటికి కిరాయి ఒప్పుకున్నాడు. నేను చప్పుడు విని బయటికి వచ్చేసరికి ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. వాటి వెనక, స్టాండ్లు ఉండాల్సిన చోట, బోర్లించిన చేపల ట్రేలు ఉన్నాయి.

ఉదయ్‌ది కొల్లేరు లంక. అక్కడ పుట్టినవాళ్ళకు ప్లాస్టిక్ చేపల ట్రే మీద ఉండే నమ్మకం మనుషుల మీద ఉండదు. కూర్చునే పీట అదే, ఎక్కే మెట్టు అదే, బోర్లిస్తే కోడిపిల్లలకు గూడు అదే.

“ఇదేంటి ఉదయ్?” అన్నాను.

“లారీలో ట్రే మీద ట్రే పేరుస్తారు కదండీ, ఐసుతో సహా. అడుగు ట్రే ఎప్పుడన్నా కిమ్మందా?”

“కిమ్మనదు, నిన్ను చంపుద్ది,” అంది వాళ్ళావిడ తేజశ్రీ గుమ్మంలోంచి. “మాస్టారి షెడ్డుకెళ్ళరాదా అంటే వినడండీ.”

“ఎన్నాళ్ళని వెళ్తానే? మన పని మనం చేసుకోవద్దా?” అంటూ అతను చాప పరుచుకుని, స్పానర్ పట్టుకుని, వెల్లకిలా కిందకు జరిగాడు. నేనూ తేజశ్రీ చెరోవైపునుంచీ పిలిచాం. “అయిపోయిందండీ, రెండే బోల్టులు,” అని సమాధానం వచ్చింది. అప్పటికే తేజశ్రీ హన్నమ్మగారికి ఫోన్ చేసింది.

వాళ్ళిద్దరూ ఆదివారం ప్రార్థనకు వెళ్ళిన చర్చి దగ్గరే. వెనక హన్నమ్మగారితో మాస్టారి స్కూటరు మలుపు తిరగడం చూశాను. మాస్టారు ఈల వేస్తారనుకున్నాను. వేయలేదు. స్కూటరు దూరంగా ఆపి, మెల్లగా నడిచొచ్చి, కారును తాకకుండా వంగి చూశారు. తర్వాత నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో మాట్లాడారు.

“ఉదయ్, ఓసారి బయటికొస్తావా బాబూ? మా ఆవిడ నీతో కిరాయి మాట్లాడాలంట.”

ఉదయ్ వెంటనే బయటికి జరిగాడు. కిరాయి అనగానే రాని డ్రైవరు మా వీధిలో లేడు. “చెప్పండమ్మా, ఎక్కడికండీ?” అని బట్టలు దులుపుకుంటున్నాడు.

మాస్టారు అతన్ని రెక్క పట్టుకుని నాలుగడుగులు ఇవతలికి లాగారు. మమ్మల్ని జరగమన్నారు. తను చక్రానికి పక్కగా నిలబడి, డోరుకు అరచేయి ఆనించి ఒక్కసారి తోశారు. భుజం కూడా పెట్టలేదు.

ఎడమవైపు ట్రే పగిలింది. మెరకలోకి ఒరిగిన జాకీ పక్కకు ఎగిరిపడింది. కారు ముక్కు నేలకు కూలబడింది. చాప కొస ఒకటి బయటికి కనిపిస్తోంది, అంతే.

తేజశ్రీ వచ్చి మొగుడి భుజం మీద గట్టిగా ఒకటి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

“ఇందాకటిదాకా బానే ఉందండీ,” అన్నాడు ఉదయ్.

“ఆయ్. బానే ఉంది,” అన్నారు మాస్టారు. “ఎదురుగా షెడ్డు పెట్టుకుని ఇదేం పని?”

“మీరు కారు కొంటున్నారంట కదండీ. షెడ్డులో మీ కారుంటే మేం ఎక్కడికి పోతాం? ఇప్పట్నించే అలవాటు చేసుకుందామని…”

“నేను కొంటానని ఎవరన్నారు?”

“అమ్మగారే చెప్పారండీ, గేటు దగ్గర.”

హన్నమ్మగారు బైబిలు సంచి చంకలో పెట్టుకుని చాప కొసవైపు చూస్తున్నారు. తర్వాత భర్తవైపు తిరిగారు.

“ఏవండీ. మొదట చూసిన ఆ తెల్ల కారు రంగుకేం వచ్చింది?”

“బాగోలేదన్నాను కదా.”

“తెలుపు కూడా బాగోదా?”

మాస్టారు ఎగిరిపడ్డ జాకీని తీసి పక్కన నిలబెట్టారు.

“డిక్కీ పెద్దదానికి?”

“టైర్లు…”

“టైర్లు సరే. షెడ్డులో మన కారుంటే వీళ్ళ కార్లు ఎక్కడ ఎత్తుతారని. అంతేగా?”

మాస్టారు వంగి, పగిలిన ట్రే ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. “కాళ్ళకి గుచ్చుకుంటాయి,” అన్నారు ఎవరితోనో.

“అది నాతో చెబితే ఏం పోయింది? మీ కోసం మూడు షోరూముల్లో మంచినీళ్ళు తాగాను.”

“చెబితే నువ్వు కారు వద్దంటావు. బస్సే ఎక్కుతానంటావు. నీ మోకాళ్ళు నాకు తెలీదా?”

హన్నమ్మగారు చాలాసేపు ఆయన్నే చూశారు. నవ్వు వస్తున్నట్టు ఉంది గానీ రానివ్వలేదు. బైబిలు సంచిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు.

“శనివారం వెళ్ళి ఆ తెల్ల కారే కొంటున్నాం,” అన్నారు, మా అందరికీ వినపడేలా. “అది వీధిలో ఉంటుంది.”