మజూరీ తక్కువ చెప్పినవాడు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, కడపలోని ఒక వెబ్ డిజైన్ కంపెనీ యాభై దాటిన నన్ను సీనియర్ డిజైనర్‌గా ప్రొద్దుటూరు శాఖకు పంపింది. సీనియర్ అన్నది పేరుకే, శాఖలో ఉన్నది నేనొక్కడినే. పని పట్టడం, ధర చెప్పడం, పేజీలు కట్టడం అన్నీ నావే. బంగారు అంగళ్ళ వీధిలో ఒక్క పెద్ద అంగడినైనా పట్టకపోతే శాఖ మూసేస్తామని మేనేజరు ముందే చెప్పాడు.

పెద్ద అంగడి సుబ్బయ్య శెట్టిది. ఆయన ఎవరికి పని ఇస్తే వీధంతా వాళ్ళకే ఇస్తుంది. నాకు పోటీ జమ్మలమడుగు మస్తాన్. వాడికి కంపెనీ లేదు, బోర్డు లేదు, భుజాన సంచితో బస్సు దిగేవాడు. అయినా నేను చెప్పే ధరకు మూడింతలు చెప్పేవాడు, జనం కిక్కురుమనకుండా ఇచ్చేవాళ్ళు. అది చూస్తే నాకు కడుపు మండిపోయేది. వాడి చేతిలో ఏముందని?

ఈసారి వాడికి దక్కనివ్వకూడదని పట్టుబట్టి, మేనేజరును ఒప్పించి, మా మామూలు ధరలో సగమే చెప్పాను. శెట్టి నా కొటేషన్ చూసి పక్కన పెట్టాడు.

"మజూరీ తక్కువ చెప్పినోడు తరుగులో లాగుతాడప్పా. నీ తరుగు యాడుందో చెప్పు" అన్నాడు.

మజూరీ అంటే నగ చేసినందుకు కూలి. తరుగు అంటే చేసేటప్పుడు అరిగి పోయిందని లెక్కకట్టే బంగారం. కూలి తక్కువన్నవాడు బంగారం ఎక్కువ పోయిందంటాడని ఆ వీధిలో అందరికీ తెలుసు. పని మస్తాన్‌కు పోయింది.

మస్తాన్ కట్టిన ఆ సైటు వచ్చిన రోజు నుంచి పనిగట్టుకుని తెరిచి తప్పులు వెతికాను. దొరికింది కూడా. అది టెంప్లేటు, అంటే ఎవరైనా కొనుక్కుని రంగులూ పేర్లూ మార్చుకునే తయారు నమూనా. మా కంపెనీలోనూ అదే వాడేవాళ్ళం! దొరికాడు దొంగ అనుకుని, ఫోను పట్టుకుని ఉరుకుల మీద అంగడికి పోయాను.

శెట్టి నింపాదిగా విన్నాడు. ఆ సంగతి మస్తానే మొదట్లో చెప్పాడట.

"అచ్చు అందరిదీ ఒకటేనప్పా. ఆయప్ప వారం దినాలు మా గల్లా పక్కనే కూచోని, ఆడోళ్ళు ఏమేం అడగతాండారో ఇన్నాడు. నువ్వు దుడ్ల మాట తప్ప ఇంగొగటి మాట్లాడినావా?"

బయటికొచ్చి సైటు మళ్ళీ తెరిచాను. ప్రతి నగ కింద బంగారం బరువు, రాళ్ళ బరువు వేరువేరుగా, మజూరీతో సహా ఉన్నాయి. లింగాల లాంటి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు మొదట అడిగేది అదే. నేనైతే కదిలే బొమ్మలు పెట్టి ఊరుకునేవాణ్ణి.

వీధంతా మస్తాన్ వెంట పోయింది. మా శాఖ మూతపడింది. నన్ను పులివెందులలో ఒక చీనీకాయల, అంటే బత్తాయిల, మండీ పనికి వేశారు. అక్కడ నేను మస్తాన్ చెప్పేంత ధరే చెప్పాను. ఎందుకంత అని మండీ యజమాని అడిగితే, వారం రోజులు ఇక్కడే కూర్చుని మీ బేరం చూస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ధర కోస్తే మా పనిలో ముందు తెగేది అలా కూర్చునే రోజులే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మస్తాన్ మీద అసూయ మాత్రం రిటైరైనా పోలేదు. నేర్పింది వాడే కావడంతో ఇంకాస్త పెరిగింది.